మిట్టమధ్యాహ్నం పిలిచే గుహ

చిన్న కథే పిల్లలూ. పళ్లెంలో అన్నం చల్లారేలోపు అయిపోతుంది.

అనగనగా ఒక అడవిలో పైడి అని ఒక దుప్పి ఉండేది. ఆ అడవిలోనే ఒక ఎలుగుబంటి కూడా ఉండేది. తేనె ముట్టనని అందరి ముందూ ఒట్టేసి, మూతి తుడుచుకోవడం మరిచిపోయే రకం. ఒక కోతి ఉండేది. ఎక్కడ ఏడుపు వినిపించినా వెళ్లి, వాళ్లకంటే గట్టిగా ఏడ్చి, ఉన్న పండు తినేసి వచ్చేది. ఇక కాకి సంగతి... సరే, ముందు గుహ సంగతి చెప్పాలి కదా.

కొండ కింద ఒక గుహ. లోపలికి పోయినవాళ్లు బయటికి రాలేదు. రోజూ మిట్టమధ్యాహ్నం, ఆకు కూడా కదలని వేళ, అది పిలిచేది. ఆఖరున ఎవరు లోపలికి పోతే వాళ్ల గొంతుతో. చాన్నాళ్లు ముసలి కుందేలు గొంతుతో దగ్గింది. పోయిన వానాకాలం పైడి చిన్నకూన ఆడుకుంటూ లోపలికి పోయింది. మర్నాటి నుంచి గుహ "అమ్మా" అంటోంది.

పైడి రోజూ వెళ్లి వినేది. మొదట్లో దూరంగా, తుమ్మచెట్టు దగ్గరే నిలబడేది.

"ఏమే, బుద్ధుందా? పెద్దకూనని వదిలేసి రాళ్లతో మాటలా?" అని కాకి తిట్టింది.

"రాయి కాదు. నా బిడ్డ గొంతు," అంది పైడి. ఆ రోజు తుమ్మచెట్టు దాటింది.

"చచ్చిపోతావ్! నీ తోలు కూడా మిగలదు," అని ఎలుగుబంటి బెదిరించింది.

"మిగిలితే ఎవరికి?" అంది పైడి. ఆ రోజు పుట్ట దాటింది.

కోతి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. "నాకోసం మానెయ్యి వదినా!"

"నీకోసమా?" అంది పైడి. ఆ రోజు గుహలోని చల్లదనం దాని ముక్కుకి తగిలింది.

లోపలికి పోవడానికి ఇంకొక్క మధ్యాహ్నం చాలు.

ఆ సాయంత్రం అలుగు వచ్చింది. ఒంటినిండా పెంకులు; చీమలు తప్ప ఇంకే గొడవా పట్టని జీవి. పైడి పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. కొమ్మ మీద కాకికి ఒళ్లంతా దురద పుట్టింది.

"అక్కడికెళ్తే నీకేం బాగుంటుంది, పైడీ?" అంది అలుగు.

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "అమ్మా అంటుంది మామా. అంతే."

"ఆ పిలుపు వదులుకోలేకపోతున్నావు."

"ఊఁ."

అలుగు పది ఉసిరికాయలు ముందుకు నెట్టింది. "వెళ్లకూడదని నీకెంత ఉంది? ఈ పదిలో అన్ని కాయలు జరుపు."

పైడి గిట్టతో రెండు జరిపింది.

"రెండేనా!" అని కాకి అరిచింది.

"రెండెందుకు?" అంది అలుగు. "ఒక్కటీ జరపకుండా ఉండొచ్చుగా?"

పైడి ఆ కాయల వంకే చూసింది. "పెద్దది ఇంకా ఒంటరిగా వాగుకి పోలేదు, ఇదొకటి. ఆ గొంతు ఎప్పుడూ ఆకలి అనదు, ఇదొకటి. నా చిన్నది ఆకలి అనకుండా రెండు మాటలు మాట్లాడేది కాదు."

ఎవరూ అడగకుండానే మూడో కాయ జరిపింది. "నేను లోపలికి పోతే, గుహ నా గొంతుతో పెద్దదాన్ని పిలుస్తుంది."

"మరి రేపు?"

"రేపు ఆ వేళకి పెద్దదానితో వాగులో ఉంటా. నువ్వూ వస్తావా మామా?"

"రమ్మంటే వస్తా."

మర్నాడు మిట్టమధ్యాహ్నం ముగ్గురూ వాగు గట్టు మీదున్నారు. గుహ పిలిచింది.

"అమ్మా... ఆకలి."

పైడి కాళ్లు ఆగిపోయాయి. అలుగు కూడా ఆగింది. పెద్దకూన తల్లి వంక చూసింది.

"గుహ నిన్న మన మాటలు విన్నది మామా," అంది పైడి మెల్లిగా. కూనని ముందు నడిపించి నీళ్లలోకి దిగింది.

గట్టు చెట్టు మీదున్న కాకి తట్టుకోలేకపోయింది. "నేను మొదట చెప్పిందీ ఇదేగా! పేరు మాత్రం ఆ చీమలు తినేదానికా? ఉండండి, ఆ గుహకే బుద్ధి చెప్పి వస్తా," అని ఎగిరి లోపలికి పోయింది.

తిరిగి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుహ పిలిచింది. "నేను ముందే చెప్పానా, లేదా?"

అప్పటినుంచి ఆ గుహ దగ్గరికి ఎవరూ పోలేదు. పైడికి చిన్నకూన గొంతు మళ్లీ వినపడలేదు. అందుకు ఒకరోజు ఏడ్చింది. తర్వాత వాగుకి వెళ్లింది.

నీతి: ఎవరి అడుగు మారాలో, మాట వాళ్ల నోటి నుంచే రావాలి. మనం అడగాలి, ఆగాలి. ఆగలేనివాళ్లు గుహలకి దూరంగా ఉండాలి.