చౌడప్ప మగ్గం గుంట

మా గురువు సాంబలింగంగారికి అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. జరిగిందేదో ఒకటి చెప్పి ఊరుకుంటారు.

ఒకనాడు అద్దకం పాక యజమాని నీలకంఠం వచ్చాడు. పెళ్ళిపందిట్లో నన్ను చూసీ చూడనట్టు పోయినవాడే. అయినా అడిగింది మంచి ప్రశ్న గనక రాస్తున్నాను.

"గురువుగారూ, మా ఓబయ్యకి మరిగే రంగునీళ్ళు పడి కుడిచెయ్యి వంగకుండా పోయింది. పని మానెయ్యి, బతికినన్నాళ్ళూ తిండికి నేను చూసుకుంటానన్నాను. సంతోషించకపోగా ఏడుస్తున్నాడు. మేలు చేస్తే ఏడుపెందుకండీ?"

గురువుగారు నావైపు ఒకసారి చూసి చెప్పడం మొదలుపెట్టారు. నా పేరెత్తకుండా చెప్పారు. నేను దాచకుండా చెబుతాను.

మా పేటలో చౌడప్ప నేతకు వంక పెట్టినవాడు లేడు, నేను తప్ప. లారీ తగిలి వాడికి ఎడమకాలు మోకాలిదాకా తీసేశారు. మా మగ్గానికి నేలలో గుంట ఉంటుంది. గట్టున కూర్చుని, గుంటలోని రెండు చెక్కలను రెండు కాళ్ళతో మార్చి మార్చి తొక్కాలి. వాడు ఆసుపత్రిలో ఉండగా పెద్దలం నలుగురం ఆలోచించాం. ఆ గుంట చూస్తే కుమిలిపోతాడని మగ్గం విప్పించి, గుంట పూడ్చి, అలికించి, పైన కొత్త నులకమంచం వేయించాం. పూడ్చింది నేనే. పని శుభ్రంగా చేశాను.

చౌడప్ప కర్రల మీద వచ్చాడు. మంచం చూశాడు, కూర్చోలేదు. మావాళ్ళలో మనిషి పోయి, నేసే వారసుడు లేకపోతేనే గుంట పూడుస్తారు. ఆ సంగతి మా నలుగురిలో ఒక్కరికీ తోచలేదు.

"నా దినం ఎప్పుడు పెట్టుకున్నారు మామా? భోజనానికి నన్నూ పిలుస్తారా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నీ మంచికే చేశాంరా. ఒంటికాలితో ఎట్లా నేస్తావు?"

"ఆ మాట నన్నడిగారా?"

అడగలేదు. అక్కడే ఉన్న గురువుగారు పార తెచ్చి నా ముందు పడేశారు. అరవై ఏళ్ళవాణ్ణి, పదిమందిలో! నేనింకా మరిచిపోలేదు. తవ్వాను.

చౌడప్ప గట్టున కూర్చుని ఎట్లా బిగించాలో చెప్పాడు. రెండో చెక్క తీసేసి, దాని చోట రాయి వేలాడదీయమన్నాడు. కాలు నొక్కితే ఒక వరస పోగులు దిగుతాయి. వదిలితే రాయి రెండో వరసను దించుతుంది. బరువు కుదరక పదకొండు రాళ్ళు మార్చాం. పోగులు పుటుక్కున తెగుతుంటే, "చిన్నది తే మామా, కోటకి పునాదా వేస్తున్నాం?" అని నన్నే కసిరాడు. తొమ్మిదోనాటికి మగ్గం ఆడింది. మొదటి జానెడు గుడ్డను వంక పెట్టాలనే తడిమి చూశాను. దొరకలేదు.

ఇంతవరకూ విని నీలకంఠం, "అయితే ఒంటిచేత్తో ఓబయ్య ఏం పని చెయ్యగలడంటారు?" అన్నాడు.

"నాకేం తెలుసు నాయనా, నేను అద్దకంవాణ్ణి కాను," అన్నారు గురువుగారు. మళ్ళీ ఆయనే, "వాడి రంగు బాన ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా?" అన్నారు.