వెనకపళ్ళు చిగుళ్ళలో దాక్కున్న కథ

ఒకప్పుడు మనుషులందరికీ జ్ఞానదంతాల వెనక ఇంకా పళ్ళుండేవి. వాటిని వెనకపళ్ళు అనేవాళ్ళు. మహా గట్టివి! పెదవి కదలకుండా, బుగ్గ ఉబ్బకుండా ఎంత గట్టి గింజనైనా నమిలేసేవి.

ఆ కాలంలో కొండ కింద ఒక పల్లెకు కరువొచ్చింది. తినడానికి ఆకులూ దుంపలే మిగిలాయి. వానపడితే చల్లుకోవాలని ఊరంతా కలిసి కుండెడు జొన్న విత్తనాలు ఒక పాకలో దాచారు. కాపలా సింగవ్వకు అప్పగించారు. ఆమె అంటే అందరికీ అంత నమ్మకం.

ఒకరోజు ఆకలికి సింగవ్వకు కళ్ళు తిరిగాయి. 'ఒక్క గింజే కదా' అనుకుని నోట్లో వేసుకుంది. మర్నాడు చిటికెడు. ఆ తర్వాత గుప్పెడు. వెనకపళ్ళు చప్పుడు చెయ్యకుండా నమిలాయి. ఎవరూ కనిపెట్టలేదు.

కొన్నాళ్ళకు మబ్బు కొండెక్కి కేకేసింది. "విత్తనాలు తియ్యండర్రా, వస్తున్నా!"

కుండ దింపి చూస్తే సగమే ఉంది.

"ఇది ఉడుత పనే!" అన్నాడు ఊరిపెద్ద మల్కయ్య. పాక చూరులో ఉండే ఉడుతను తోక పట్టి కిందికి లాగాడు. అందరూ రాళ్ళు తీశారు.

ఉడుత గిలగిల్లాడింది. "నేను ముట్టనైనా లేదు! సింగవ్వా, కాపలా ఉన్నది నువ్వే కదా! నువ్వు చెప్పు. నీ మాటైతే నమ్ముతారు!"

సింగవ్వ తల దించుకుంది. చెవులు భగ్గుమన్నాయి. 

"ఊఁ, నువ్వూ వెయ్యి" అంటూ మల్కయ్య ఆమె చేతిలో ఒక రాయి పెట్టాడు.

రాయి జారి కింద పడింది.

"దాన్ని వదిలెయ్, పెద్దయ్యా. తిన్నది నేను" అంది సింగవ్వ. నోరు బార్లా తెరిచి చూపించింది. వెనకపళ్ళ సందుల్లో జొన్న పొట్టు ఇరుక్కుని ఉంది.

తిడతారనుకుంది. కొడతారనుకుంది. కానీ మల్కయ్య చేతిపట్టు సడలింది. ఉడుత చూరెక్కి కూర్చుంది.

"ఒక్క మనిషి సగం కుండ తింటుందా? మీరూ నోళ్ళు తెరవండి, చూద్దాం!" అంది పైనుంచి ఉడుత.

ఒక్కరూ తెరవలేదు. సింగవ్వ నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు పాకలో దూరినవాళ్ళే. పెదాలు బిగించుకుని, ఒకరి ముఖం ఒకరు చూడలేక నిలబడ్డారు. మూసిన ఆ నోళ్ళలో వెనకపళ్ళు సిగ్గుతో ముడుచుకుపోయాయి. మెల్లగా చిగుళ్ళలోకి దిగిపోయాయి.

మబ్బు కురిసింది.

మల్కయ్య తలెత్తకుండానే కుండ తీసి సింగవ్వ చేతుల్లో పెట్టాడు. ఆమె ఏడుస్తూనే మిగిలిన గింజలు చల్లింది. ఆ ఏడు సగం చేనే పండింది.

అప్పటినుంచే మనుషులకు వెనకపళ్ళు రావడం మానేశాయి. ఎక్కడో ఒకరికి మాత్రం జ్ఞానదంతం చాటున ఒక చిన్న పన్ను, బయటికి రావాలా వద్దా అన్నట్టు, సగం చిగుళ్ళలోనే ఉండి ఈనాటికీ తొంగిచూస్తుంటుంది.