ఇత్తడి సీల

పీఠానికి ఏడవ పలక అతికిన నాడు కూడ పోలినాయుడికి ధైర్యం చిక్కలేదు.

అది దేవతాపీఠం కాదు. ఆశ్రమపు పాత జీపు ముందుభాగాన, ఛాసిస్ దూలాలు రెంటినీ కలుపుతూ అతడు స్వహస్తాలతో రూపొందించిన ఇనుప పీఠం. దానిమీద వించ్ కూర్చుంటుంది. పైనెక్కడో చెట్టుకు కట్టిన ఉక్కుతీగను తనలోకి చుట్టుకొంటూ, ఎక్కలేని ఏటవాలున బండి తన్ను తానే పైకి లాగుకొనేటట్లు చేసే యంత్రమది. ఎవరో భక్తుడు మూలబడిన తన బండి నుండి దానిని విప్పించి, ఒక కొయ్యపెట్టెతో సహా ఆశ్రమానికి పంపించాడు. యంత్రం వచ్చింది గాని దానిని నిలిపే పీఠం రాలేదు. అందుచేత విమలబోధస్వామివారు పోలినాయుడిని పిలిచి, "నీకు ఇనుపపని తెలుసును గదా," అన్నారు.

తెలుసును. అతడి భయమంతా అదే.

మూడేండ్ల క్రిందట అతడు కొండల దిగువ పట్టణంలో వెల్డింగు పనివాడు. కలప లాగే బండి ఒకదానికి ఇటువంటి పీఠమే కట్టి ఇచ్చాడు. ఒకనాడు లోయలో నుండి దుంగను లాగుతూ ఉండగా, అతుకులు తెగి, ఆ పీఠం యంత్రంతో సహా ముందుకు ఎగిరింది. ఆ క్షణాన దానికి ఎదురుగా నిలబడి ఉన్నవాడు కన్నయ్య. పోలినాయుడికి మేనత్త కొడుకు, పనిలో జతగాడు. ప్రాణం దక్కింది గాని కుడికాలు దక్కలేదు.

ఆసుపత్రి మంచంమీద కన్నయ్య ఒక్క నిష్ఠురం ఆడలేదు. నీ తప్పేముంది బావా అని, పైగా ఇతడినే ఓదార్చాడు. పోలినాయుడు తట్టుకోలేకపోయింది ఆ ఓదార్పునే. దుకాణం మూసి, కొండెక్కి వచ్చి, స్వామివారి పాదాల చెంత కూలబడ్డాడు. అటు తరువాత వంటచెరకు కొట్టాడు, ఆవులను కాచాడు, ఆకులు కుట్టాడు. ఇనుమును మాత్రం ముట్టలేదు.

ఇప్పుడు ముట్టక తప్పలేదు. ఆశ్రమానికి ఎగువన, పులివాగుకు ఆవల, చాపరాళ్ళగూడెం ఉన్నది. వానలు పట్టాయంటే మూడు నెలలు ఆ గూడేనికి దారి ఉండదు. నిరుడు జ్వరాలు కమ్మినప్పుడు మాత్రలు క్రిందనే ఉండిపోయాయి. పైన ఇద్దరు పసివాళ్ళు పోయారు. వాగు దాటిన తరువాత వచ్చే ఎక్కుడును జీపు ఎక్కగలిగితే వానకు ముందే ఉప్పూ మందులూ చేరవేయవచ్చు. ఎక్కలేకపోతే మళ్ళీ నిరుటి కథే.

పోలినాయుడు పని మొదలుపెట్టాడు. మందపు చానల్ ఇనుము కోసి, దూలాలకు ఇరువైపుల చెవుల వంటి పట్టుపలకలు నిలిపి, ఎనిమిది బోల్టులతో బిగించాడు. చూడగా చాలదనిపించింది. ఒక పలక అతికాడు. మరునాడు చూడగా అదీ చాలదనిపించింది. రోజూ తెల్లవారీ తెల్లవారక ముందే వచ్చి, చిన్న సుత్తితో ప్రతి అతుకునూ తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. గణగణమని పలికితే అతుకు బాగున్నట్లు. అన్నీ అట్లాగే పలికేవి. అయినా అతడి చెవికి మాత్రం, ఆ ధ్వని అడుగున ఎక్కడో, నాటి ఇనుము తెగిన చప్పుడే వినిపించేది. వెంటనే మరొక పలక తెచ్చేవాడు.

ఏడు పలకలతో జీపు మూతి బరువెక్కి, ముందు కమాను స్ప్రింగులు క్రుంగిపోయాయి. గూడెం నుండి దారి చూపడానికి వచ్చిన కిల్లో బొంజుబాబు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏటి నాయుడుబావూ, బండికి మూతి కట్టేవా, బురుజు కట్టేవా? పులి వొస్తే దీని ఎనకాల దాక్కోవొచ్చు."

అక్కడనే నిలబడి ఉన్న స్వామివారు నవ్వలేదు. పీఠంమీద అరచేయి ఆన్చారు.

"ఎన్ని పలకలు వేస్తే నీకు నిద్ర పడుతుంది?"

"తెలీదు స్వామీ," అన్నాడు పోలినాయుడు.

ఆయన మరునాటి ఉదయమే ప్రయాణమని చెప్పి వెళ్ళిపోయారు.

ఉదయాన ఆకాశం పడమటివైపు నల్లబడి ఉన్నది. ఉప్పు బస్తాలూ మందుల పెట్టెలూ వెనుక సర్దారు. డెబ్బదియేండ్ల స్వామివారు, ఎవరినీ అడగకుండానే వచ్చి ముందు సీటులో, బండి నడిపే పోలినాయుడి ప్రక్కన కూర్చున్నారు. వించ్‌తో వచ్చిన కొయ్యపెట్టెను, పెట్టడానికి మరి చోటు లేక, ఆయన ఒడిలోనే ఉంచుకొన్నారు.

పులివాగు మోకాటిలోతున పారుతున్నది, తేలికగానే దాటారు. దాటగానే ఎదురుగా ఎక్కుడు. ఎర్రటి బంకమట్టి, మధ్యలో చీలిన నీటిచాలు, ఎడమప్రక్కన లోయ. ఆ లోయ అడుగు కనబడదు. నీటి చప్పుడు మాత్రం వినబడుతుంది. జీపు నాలుగు బారల దూరం ఎక్కి, చక్రాలు గిర్రున తిరిగి, కొంచెం ఎడమకు జారి ఆగింది.

పోలినాయుడు చేతిబ్రేకు లాగాడు.

బొంజుబాబు తీగ కొసను భుజాన వేసుకొని చెప్పులు విడిచి పైకి ప్రాకాడు. ఎగువనున్న మద్దిచెట్టు మొదలుకు వెడల్పాటి పట్టా చుట్టి, దానికి కొక్కెం తగిలించాడు. తిరిగి వస్తూ తడిపిన గోనెసంచులు రెండు తీగమీద వేలాడవేశాడు. తీగ తెగితే పాములాగ లేచి కొట్టకుండా ఆ బరువు దానిని నేలకు అణచిపెడుతుందట. ఆ సంగతి అతడు మామూలుగానే చెప్పి, మళ్ళీ చెట్టు దగ్గరకు ఎక్కిపోయాడు. పోలినాయుడికి మాత్రం ఆ తడిసంచులు గుడ్డ కప్పిన శవాల వలె కనబడ్డాయి.

స్వామివారు ఒడిలోని పెట్టె తెరిచారు. పటకారు, ఒక రెంచి, నూనె కాగితంలో చుట్టిన పొట్లం. పొట్లంలో చిటికెన వ్రేలంత ఇత్తడి సీలలు అయిదు. ఆయన ఒకదానిని తీసి వెలుతురుకు పట్టి చూశారు.

"ఇది దేనికి?"

పోలినాయుడు చూపు సీల నుండి పీఠంమీదికి తిప్పుకొన్నాడు.

"విరగడానికి స్వామీ."

"విరగడానికే చేశారా?"

అతడు తలవంచుకొని వివరించాడు. ఇంజను నుండి వచ్చే ఇరుసుకూ వించ్‌కూ నడుమ ఈ సీల ఉంటుంది. మోయరాని బరువు పడినప్పుడు అన్నిటికంటె ముందు ఇదే పుటుక్కుమంటుంది. ఇది తెగితే లాగుడు అక్కడికక్కడే ఆగిపోతుంది. తీగకు గాని, పీఠానికి గాని హాని రాదు. బండి కూడ వెనుకకు జారదు. వించ్‌లోని మరచక్రం దానిని పట్టుకొనే ఉంటుంది.

"మన బండికి వేసినావా?"

"లేదు స్వామీ. ఉక్కుది చేసి వేశాను. విరగనిది."

"ఎందుకు?"

"విరుగుతుందేమోనని భయమేసింది."

స్వామివారు వింటున్నారు. పోలినాయుడు తనంత తానే మాట పొడిగించాడు.

"అప్పుడూ ఇంతే స్వామీ. ఆ రోజు కన్నయ్య... ఇత్తడివి రెండు వేశాం, రెండూ విరిగిపోయాయి. కాంట్రాక్టరు ఒకటే తిట్లు. మూడోసారి నేను ఇనుప బోల్టు వేశాను. అది విరగలేదు. అది చక్కగానే..."

అక్కడ అతడి మాట ఆగిపోయింది.

దిగువన వాగు పారుతున్నది. ఎగువన బొంజుబాబు, ఏటి ఆలీసం అని కేక వేశాడు. పోలినాయుడు వినలేదు. మూడేండ్లుగా అతడు తన అతుకునే నిందించుకొంటూ వచ్చాడు. అతుకు ఎందుకు తెగిందని రోజూ అడిగాడు. బోల్టు ఎందుకు తెగలేదని ఒక్కనాడూ అడగలేదు.

స్వామివారు బండి దిగారు. కాషాయాన్ని మోకాళ్ళపైకి మడిచి, ఆ బురదలో వెల్లకిలా పడుకొని, పీఠం క్రిందికి చేయి చాచారు. పోలినాయుడు కంగారుపడి ఇంజను ఆపి, దిగి, ఆయన చేతి నుండి పటకారు తీసుకోబోయాడు. ఆయన ఇవ్వలేదు. అతడు చూపిన చోట ఉక్కుసీలను తట్టి వెలికి తీశారు, ఇత్తడిదానిని దూర్చారు. దాని కొసను వంచడానికి వ్రేళ్ళ పట్టు చాలక రెండుమార్లు జారింది. మూడవమారు వంగింది. లేచి, వీపు నిండ బురదతోనే మళ్ళీ ముందుసీటులో కూర్చున్నారు.

"ఇక నడుపు."

"మీరు దిగండి స్వామీ."

"ఎందుకు?"

"అది విరుగుతుంది."

"విరగనీ."

పోలినాయుడు ఇంజను వేశాడు. వించ్‌ను తగిలించి మెల్లగా క్లచ్ వదిలాడు. ఎదుట తీగ నేలమీది నుండి లేచి, నీళ్ళు చిమ్ముతూ బిగిసింది. జీపు ఒక మూర ముందుకు కదిలింది. మరొక మూర. అతడి చూపు పీఠంమీద ఉన్నది, పీఠం ముందరనున్న ఖాళీ చోటుమీద ఉన్నది. అక్కడ ఎవరూ లేరు. లేరని తెలిసి కూడ అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నట్లే అతడికి తోచింది.

నడిమి నీటిచాలు దగ్గర జీపు ఆగింది. ఇంజను మూలిగింది. తీగ సన్నగా పాడసాగింది. ఆ పాట పోలినాయుడికి తెలుసు. మొదట సన్నగా, పిదప ఇంకా సన్నగా, ఆ పిదప ఏమవుతుందో కూడ తెలుసు. ఎడమవైపు చక్రం క్రింద మట్టి పెళ్ళగిలి లోయలోకి రాలింది. ఆ రాలిన గడ్డ అడుగున పడిన చప్పుడు ఎంతసేపటికీ వినబడలేదు. యాక్సిలరేటరు మీది నుండి కాలు తీయాలని అనుకొన్నాడు; కాలు రాలేదు. కండ్లు గట్టిగా మూసుకొన్నాడు. ప్రక్కన స్వామివారి ఊపిరి మాత్రం, ధ్యానవేళ ఎట్లా వినవస్తుందో అట్లాగే, నిదానంగా వినబడుతున్నది.

పుటుక్కుమన్నది.

ఎంత చిన్న చప్పుడంటే, ఎండిన కందికాయ చిట్లినా అంతకంటె గట్టిగా వినబడుతుంది. ఇంజను ఒక్కసారిగా తేలికపడి హోరెత్తింది. పోలినాయుడు రెండు కాళ్ళతోనూ బ్రేకు తొక్కి, వెనుకకు పడిపోవడం కోసం ఎదురుచూశాడు.

బండి పడలేదు. తీగ బిగిసిన చోటనే బిగిసి ఉన్నది. పీఠం చలించలేదు. గోనెసంచుల నుండి నీటి బొట్లు ఒకటొకటిగా రాలుతున్నాయి.

బొంజుబాబు జారుకొంటూ క్రిందికి వచ్చి, ముందుగా వెనుక చక్రాల క్రింద రాళ్ళు వేశాడు. ఆ తరువాత వంగి బండి అడుగున చూసి, ఈల వేశాడు. నీటిచాలులో కూరుకొనిపోయిన తిరగలిరాయంత బండ ఒకటి ముందు ఇరుసుకు అడ్డం తగిలి ఉన్నదట. దాన్ని లాగబోతే కొండే లేచి రావాలి గాని ఈ బండి ఎలా వస్తుంది బావూ, అన్నాడు. అట్లా అంటూనే గునపం తెచ్చి, బండను పెకలించసాగాడు.

పోలినాయుడు ఇంజను ఆపాడు. స్టీరింగు పట్టుకొన్న వ్రేళ్ళు ఇంకా విడలేదు. కండ్లనుండి నీరు కారుతున్నది. తుడుచుకోవాలని కూడ తోచలేదు. కాలు పోయిన కన్నయ్య తలపుకు వచ్చాడు. ఆనాడు విరిగిన రెండు ఇత్తడి సీలలు, అతడు కాంట్రాక్టరు ఎదుట విసుగుతో గడ్డిలోకి విసరివేసినవి, తలపుకు వచ్చాయి. అవి రెండూ ఒకే మాట రెండుమార్లు చెప్పాయి.

కొంతసేపటికి గునపం చప్పుడు ఆగింది. బండ దొర్లి లోయలోకి పోయింది.

స్వామివారు ఒడిలోని పొట్లం విప్పి, మరొక సీలను శిష్యుని అరచేతిలో పెట్టారు.

"ఇంకొకటి వేయి."

పోలినాయుడు దిగాడు. బిగిసిన తీగను ఆనుకొని, పీఠానికి ఎదురుగా, మూడేండ్లుగా కలలో సైతం అడుగు పెట్టని ఆ చోట, మోకాళ్ళమీద వంగాడు. విరిగిన ముక్కలు రెంటినీ తట్టి తీసి, క్రొత్తదానిని దూర్చి, కొస వంచాడు.

తిరిగి వచ్చి బండి ఎక్కాడు. ఈమారు స్వామివారిని దిగమని అడగలేదు.