గరుడ కార్డా, శరభ కార్డా

ఇటు జరగండి ఇద్దరూ. వర్ణికా, ఆ ఫోను పక్కన పెట్టు. ఒరే ఇషాన్, అక్కని కాలితో తన్నకు. లాప్‌టాప్‌లో ఈ కంపెనీ కార్డే ఉండాలని నువ్వు, కాదు ఆ కంపెనీదే ఉండాలని అది, పొద్దుటి నుంచీ మీ నాన్న బుర్ర తినేశారు. షాపుకి వెళ్ళకుండానే వాడు అలిసిపోయాడు. నేనో కథ చెబుతాను, ఊ కొడుతూ వినండి.

అనగనగా ఒక ఊళ్ళో కాదు, ఊరికి కాస్త పెద్దదీ దేశానికి బాగా చిన్నదీ అయిన ఒక రాజ్యంలో గంభీరరాజని ఒక రాజుగారుండేవారు. పక్కనే మునగపాలెం రాజ్యం. రెంటికీ ఒకటే కాలవ. నీళ్ళొదిలితే ముందు ఎవరు పొలాలకి పెట్టుకోవాలని ఏటా కొట్లాటే. తాతల నాడు కత్తులతో తేల్చుకున్నారు, తండ్రుల నాడు కోడిపందేలతో తేల్చుకున్నారు, వీళ్ళ నాటికి లాప్‌టాప్‌లో ఎడ్లబండ్ల ఆట ఆడి తేల్చుకుంటున్నారు. నవ్వకండి, రక్తం కారకపోతే మంచిదేగా.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. పందెం ఓడితే తమ వంతు నీళ్ళొచ్చేసరికి నారంతా ఎండిపోతుంది, ఇక ఆ ఏటికి గింజ ఉండదు. ఆ పందెం ఆడాల్సింది రాజుగారి కోడలు మాణిక్యం. పుట్టింట్లో కట్టెలపొయ్యి ఊదుకుంటూ పెరిగిన పిల్ల. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. పాపం ఆవిడ లాప్‌టాప్ ముసలిదైపోయింది, కొత్తది కొనాలి. దాని కడుపులో బొమ్మలు గీసిపెట్టే ముక్క ఒకటుంటుందిట కదా, అదే మీ గ్రాఫిక్స్ కార్డు. ఆ రాజ్యంలో అవి రెండే రకాలు. ఒకటి గరుడ, ఒకటి శరభ.

మాణిక్యం మొగుడు యువరాజేమో గరుడ వైపు. రాజుగారి బావమరిది దండపాణి శరభ వైపు. అంతే, కోట రెండుగా చీలింది. గరుడ వాళ్ళ పంక్తిలో శరభ వాళ్ళు కూచోరు, శరభ వాళ్ళ చెంబుతో గరుడ వాళ్ళు తాగరు. పప్పు ఒకడు వడ్డిస్తే నెయ్యి ఇంకొకడు వెయ్యడు. ఇంతా చేసి ఆ కార్డు మొహం ఎలా ఉంటుందో ఒక్కడూ ఎరగడు. ఊ కొడుతున్నారా?

సరే, రాజుగారు రెండు లాప్‌టాప్‌లూ తెప్పించారు, పరీక్ష చూద్దామని. ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ వంశంలో విలువైన వస్తువు ఏదైనా పట్టుపరుపు మీదే పెట్టాలి. కిరీటం పరుపు మీద, కత్తి పరుపు మీద, రాజుగారి కళ్ళజోడు పరుపు మీద, ఆఖరికి ఆయన తినే పెసరట్టు కూడా పళ్ళెంతో సహా పరుపు మీదే. మరి లాప్‌టాప్‌ని కింద పెడతారా?

ముందు గరుడది పెట్టారు. ఎడ్లు గాలిలా ఉరికాయి, కాసేపటికి బురదలో దిగబడినట్టు ఆగిపోయాయి. శరభ వాళ్ళు చప్పట్లు కొట్టారు. తరవాత శరభది పెట్టారు. అదీ ఉరికింది, అదీ దిగబడింది. ఈసారి గరుడ వాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండూ పనికిరావని రాజుగారు తల పట్టుకున్నారు. పందెం చూస్తే ఎల్లుండే. కిటికీలోంచి నెర్రెలిచ్చిన మళ్ళు కనబడుతుంటే మాణిక్యానికి ఇంతమంది అన్నం తన చేతిలో ఉందని ఏడుపొచ్చింది.

ఏడుస్తూ కూచుంటే పనవుతుందా? లాప్‌టాప్ కిందకి చెయ్యి పోనిచ్చి చూసింది. చుర్రుమంది. అప్పుడు అర్థమైంది. పరుపు గాలిని ఆపింది, గాలి ఆగితే వేడి పెరిగింది, వేడి పెరిగితే కార్డు నీరసించింది, కార్డు నీరసిస్తే బండి ఆగింది. పరుపు తీసి ఓ పీట తెమ్మంది. రాజుగారింటి వస్తువు వట్టి పీట మీదా అని దండపాణి ఎగిరాడు.

"పొయ్యి నోట్లో గుడ్డ కుక్కి, కట్టెలు మంచివి కావంటే ఎలా బాబాయిగారూ" అంది.

పీట మీద పెడితే రెండూ లేళ్ళలా పరిగెత్తాయి. మరి ఏది తీసుకోవాలి? మాణిక్యం రెంటి మీదా తన ఆట మొదటి నుంచి చివరి దాకా ఆడింది. గరుడలో కాలవ నీళ్ళలో ఆకాశం కూడా కనబడిందిట, ఎద్దుల కొమ్ములు తళతళమన్నాయిట. శరభలో అంత తళుకు లేదు, కానీ బండి ఎక్కడా తడబడలేదు. నాకు ఈ పందేనికి శరభ చాలు, రేపు సినిమా బొమ్మలు గీసే పని పడితే గరుడే తెమ్మంటాను అని చెప్పేసింది. ఏం తినాలో అనుకోకుండా, పెనం గొప్పదా ఇడ్లీపాత్ర గొప్పదా అని కొట్టుకుంటే ఎలా అంది. మొగుడు మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

పందెం రోజు మునగపాలెం యువరాజు వచ్చాడు. వాళ్ళూ రాజులే కదా, వాళ్ళకీ అదే దర్జా. పట్టుపరుపు మీద గరుడ లాప్‌టాప్. సగం దూరం పోయేసరికి అతని ఎడ్లు కదలవు. మాణిక్యం బండి దూసుకుపోతోంది. ఇంకో చిటికెలో గెలుపే. అంతలో గట్టున కూచున్న మునగపాలెం రైతులు కంటపడ్డారు. వాళ్ళ చేతుల్లోనూ ఎండిన నారే, వాళ్ళ కళ్ళలోనూ అదే భయం. ఆట ఆపేసింది. ఆ పరుపు తీసేస్తే మళ్ళీ మొదట్నుంచి ఆడదామంది.

మొగుడూ దండపాణీ మొదటిసారి ఒకే మాట మాట్లాడారు, నీకేమైనా పిచ్చా అని.

"వాళ్ళ పరుపు పుణ్యాన గెలిచి నీళ్ళు తెస్తే వాళ్ళు ఒప్పుకోరు, వచ్చే ఏడు మళ్ళీ కత్తులు తీస్తారు. ఆడి గెలుస్తాను, కూచోండి" అంది.

మళ్ళీ ఆడారు. అబ్బ, ఏం పందెం అది. ఇతను ముందు, ఈమె ముందు, ఇతను ముందు, ఈమె ముందు. ఆఖరికి ఎద్దు కొమ్మంత తేడాతో మాణిక్యమే గెలిచింది. కాలవ పొంగుకుంటూ వచ్చింది. తమ నారు తడవగానే, తమ వంతు గడువు తీరేదాకా ఆగకుండా మునగపాలెం వైపు తూము ఎత్తించింది. నీళ్ళు రావడం చూసి అక్కడి ఆడవాళ్ళు గట్టున కూచుని ఏడ్చేశారుట. ఆ ఏడు రెండు రాజ్యాల్లోనూ గాదెలు నిండాయి. మరుసటి ఏడు పందెమే పెట్టలేదు, వంతులు వేసుకుని నీళ్ళు పెట్టుకున్నారు.

అందుకని చెబుతున్నాను. కంపెనీ పేరుతో మనకేం పనిరా? మన పనేదో ముందు తెలుసుకోవాలి, తెచ్చుకున్నాక గాలాడనివ్వాలి. రేపు మీరు ఆడే ఆటేదో నాన్నకి చెప్పండి, మిగతాది వాడు చూసుకుంటాడు. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి కప్పుకుందాం.