పొడుగు దుర్భిణి

మకరధ్వజ మహారాజుకు అడవి జంతువులను దూరం నుంచి చూడడం సరదా. ఓడ వర్తకుడొకడు ఆయన కోసం రెండు దుర్భిణులు తెచ్చాడు. ఒకటి జానెడు. దాన్ని చేత్తో ఎత్తి చూసి దించెయ్యొచ్చు, కాని అందులో చిరుత పిల్లిలా కనిపిస్తుంది. రెండోది తాటిదూలమంత. అందులో చిరుత మీసాలు కూడా కనిపిస్తాయి.

రాజు పొడుగుదాన్నే గుట్ట మీదికి మోయించాడు. బోయీల భుజాలు వాచిపోయాయి. దాన్ని బండకు ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి అంటించాడు. ఎదుటి గుట్ట మీద చిరుత ఆవులిస్తోంది. రాజు మైమరచిపోయాడు.

చాలాసేపటికి తలెత్తి చూస్తే, తినడానికని పక్కన పెట్టుకున్న గారెల పళ్ళెం ఖాళీ.

"ఎవడు తిన్నాడురా?"

"నేనే ప్రభూ," అన్నాడు బోయీ గవరయ్య మూతి తుడుచుకుంటూ. "మీ పక్కనే కూర్చుని తిన్నాను. ఇంకోటి తిననా అంటే ఊఁ అన్నారు కూడా."

రాజు కత్తి మీద చెయ్యి వేశాడు.

"మీరు ఆ గుట్ట మీది చిరుతను చూస్తున్నారు," అన్నాడు గవరయ్య. "ఈ గుట్ట మీద ఇంకో చిరుత ఉంటే, అది గారెలతో సరిపెట్టుకోదు ప్రభూ."

రాజు మొదట వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆ తర్వాత పొట్టి దుర్భిణి తెమ్మన్నాడు.