చెంచలాకు పప్పు

రంగప్ప చనిపోయాక జమాలు మందులివ్వడం మానేశాడు.

కొండకింద పల్లెలో ఆకు వైద్యం చేసే నన్నేసాబు అనే ఫకీరుకు అతను శిష్యుడు. గురువు ఊళ్లో లేనప్పుడే రంగప్పకు జ్వరం ముదిరింది. జమాలు నేలవేము కషాయం కాచి తాగించాడు. కునుకు తీయకుండా మంచం పక్కనే కూర్చున్నాడు. అయినా మనిషి దక్కలేదు.

గురువు తిరిగి రాగానే ఆయన ముందు కూలబడ్డాడు.

"నువ్వుంటే బతికేవాడు తాతా."

"నేనున్నా నేలవేమే ఇచ్చేవాణ్ణి."

"మరి తప్పెక్కడ జరిగింది?"

నన్నేసాబు "ఓబులక్క ఎలా ఉంది?" అని అడిగాడు. ఓబులక్క రంగప్ప భార్య.

జమాలు తల దించుకున్నాడు. "ఎవరేం పెట్టినా ముట్టడం లేదంట. నేను ఆ వీధిలోకే పోలేదు. ఆమె మొహం ఎట్లా చూసేది?"

ముసలాయన సంచి భుజాన వేసుకుని కొండదారి పట్టాడు. జమాలు వెంట నడిచాడు. దుఃఖానికీ ఏదో మూలిక ఉండే ఉంటుంది, అది ఇప్పుడు చూపిస్తాడు అనుకున్నాడు. గురువు నేలవేము మొక్కల్ని దాటాడు. వావిలి పొదను దాటాడు. ఒక చేనుగట్టు దగ్గర వంగి, లేత చెంచలాకు గిల్లడం మొదలుపెట్టాడు.

"ఇది కూరాకు కదా తాతా!"

"ఊఁ. నువ్వూ గిల్లు."

ఇంటికొచ్చి జమాలు చేతనే ఆ ఆకుతో పప్పు వండించాడు, జొన్న సంగటి కెలికించాడు. గిన్నెలు అతని చేతికిచ్చి తను ముందు నడిచాడు.

ఓబులక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొయ్యిలో బూడిద తప్ప ఏమీ లేదు. జమాలు గడప దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికొచ్చి పెట్టు," అన్నాడు గురువు.

జమాలు వడ్డించాడు. ఆమె పళ్లెం వైపు చూడలేదు. నన్నేసాబు ఆమె తల మీద కాసేపు చెయ్యి ఉంచి, బయటకు నడిచాడు. జమాలు కూడా లేవబోయాడు.

"నువ్వెక్కడికి? కషాయం ఇచ్చింది నువ్వు కదా. కూర్చో."

కూర్చున్నాడు. వాకిట్లో ఎండ గోడ మీదికి పాకింది. సంగటి చల్లారిపోయింది.

చాలాసేపటికి ఓబులక్క పళ్లెం దగ్గరికి లాక్కుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఉప్పు చాల్లేదు, జమాలూ."

అతను లేచి, పొయ్యిగట్టు మీద ఉప్పు కోసం వెతికాడు.