అరిసెల మీద అడుగులు

మాఘ శుద్ధ దశమి, శనివారం, ఉదయం తొమ్మిదింబావుకి గౌరీపతిరావు తాయారమ్మగారి గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. వేళ ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. పదింటికి వర్జ్యం మొదలవుతుందని, ఈలోపే పసివాడి చేత అడుగులు వేయించాలని ఆ ఇంట్లో ఆడవాళ్లందరూ గడియారం వంకే చూస్తున్నారు.

తాయారమ్మగారు విశాఖపట్నం అల్లిపురంలో భాగవతం చెప్పేవారు. ఆడపిల్లల బళ్లో తెలుగు పాఠాలు చెప్పి విరమించాక, సాయంత్రాలు ముందుగదిలో చాప పరిచి, వచ్చినవాళ్లకి రోజుకో పద్యం చదివి అర్థం విప్పేవారు. పద్యం మీద సందేహం అడిగితే వెంటనే తీర్చేవారు. సొంత కష్టం తెచ్చి ఏం చెయ్యమంటారని అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు కారు. ముందు ఈ పని చూడు నాయనా అంటూ చేతిలో ఏదో ఒకటి పెట్టేవారు, వలవాల్సిన చిక్కుడుకాయలో, గుచ్చాల్సిన పూలో. పని అయ్యేసరికి కొందరికి జవాబు తట్టేది. తట్టనివాళ్లు చిక్కుడుకాయలు వలిచిన పుణ్యంతో ఇంటికి వెళ్లేవారు.

గౌరీపతి ఆవిడకి చాలాకాలపు శిష్యుడు. ఆ వేళ భార్య సీతారత్నం పేరంటానికి బయల్దేరితే ఆవిడ వెనకాలే వచ్చాడు గాని, మనసు పేరంటం మీద లేదు. రాత్రంతా కంటి మీద కునుకు లేదని మొహమే చెబుతోంది. ఆయన ఉదయభాను ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘాన్ని పెట్టింది ఆయన తండ్రి. తండ్రి పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని ఆస్తి సంగతి ఎత్తలేదు, జట్టు జాగ్రత్తరా అన్నాడు. అలాంటి జట్టు ఈ ఏడు ఆడిన చోటల్లా ఓడుతోంది. ఇలాగే సాగితే రెండో డివిజన్‌కి పడిపోతుంది. సంఘం పుట్టాక ఎన్నడూ లేని అప్రతిష్ఠ.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంటుంది. మేనేజరు జోగినాయుడిని ఉంచాలా, పంపించాలా అన్నదొక్కటే విషయం. కమిటీ చెరిసగంగా చీలి ఉంది. అధ్యక్షుడు ఎటు అంటే అటు. సీజను మధ్యలో మనిషిని మార్చడం తెలివితక్కువని సగంమంది, మునిగే పడవకి సరంగునైనా మార్చి చూద్దామని సగంమంది.

ఈ జోగినాయుడు తనంతట తాను వచ్చినవాడు కాదు. విజయనగరంలో ఒక బళ్లో ఆటల మాస్టారుగా నిశ్చింతగా ఉండేవాడు. గౌరీపతే స్వయంగా వెళ్లి, వాళ్లింట్లో భోంచేసి, బతిమాలి, ఆ ఉద్యోగం మానిపించి తీసుకొచ్చాడు. పెళ్లాం పిల్లలతో వచ్చి కంచరపాలెంలో అద్దెకు దిగాడు. పెద్దపిల్లకి వచ్చే నెలలోనే పదో తరగతి పరీక్షలు. ఇప్పుడు పొమ్మంటే వెనక్కి వెళ్లడానికి ఆ ఉద్యోగం లేదు. పొమ్మనకపోతే తండ్రి జట్టు పరువు నిలవదు. గౌరీపతికి నిద్ర పట్టనిది అందుకు.

తాయారమ్మగారు మండువాలో పీట మీద కూర్చుని అరిసెలకి అంటిన నువ్వులు సరిచేస్తున్నారు. గౌరీపతి పక్కన చతికిలబడి ఉన్నదంతా చెప్పుకున్నాడు. ఇంకా కొంత గడువు ఇవ్వమంటారా, ఈ పూటతో తెంచెయ్యమంటారా అని అడిగాడు. తన వైపు నుంచి లోపమేమీ లేదని, అన్నీ దగ్గరుండి చూసుకుంటున్నానని కూడా అన్నాడు.

దగ్గరుండి ఏం చూస్తావని ఆవిడ అడిగారు.

గౌరీపతి ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. ఆదివారం పొద్దున్నే కమిటీవాళ్లు తన ఇంటి వరండాలో చేరతారు. ఉప్మా, కాఫీ అయ్యాక ఎవరు ఆడాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో అక్కడే తేలుస్తారు. జోగినాయుడూ వస్తాడు. అతను అనుకున్నది చెబుతాడు, వీళ్లు సరిదిద్దుతారు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ గౌరీపతి గీత పక్కనే నిలబడి కుర్రాళ్లని కేకేసి నడిపిస్తాడు. సాయంత్రానికి గొంతు పోతుంది. సోమవారం మిరియాల పాలు తాగాలి. ఇంత చేసినా గెలవడం లేదంటే మనిషిలోనే సత్తా లేదేమోనని ఆయన అనుమానం. పైగా ఏమన్నా ఎదురు చెప్పడు, మీ ఇష్టం సార్ అంటాడు. అలాంటి మెత్తనివాడు జట్టునేం నడుపుతాడు?

తాయారమ్మగారు అంతా విన్నారు. పరిచిన తెల్ల పంచె వైపు చూపించి, దాని అంచు పట్టుకుని కూర్చో నాయనా, జారకుండా చూడడమే నీ పని అన్నారు.

పిల్లవాడు మొదటి అడుగులు వేసేటప్పుడు అరిసెలు వండి, వాటి మీద నడిపించి, ఆ అరిసెలు ఇరుగుపొరుగు పిల్లలకి పంచడం మన ఇళ్లలో ఉన్న వేడుకే. ఆ రోజు నడవాల్సినవాడు తాయారమ్మగారి మనవడు శ్రీకరుడు. అప్పటికి వారం రోజులుగా గోడ పట్టుకు నిలబడుతున్నాడు. దేవుడి గది గడప దగ్గర నుంచి తల్లి వనజ కూర్చున్న చోటు వరకు పంచె పరిచి, దాని మీద అరిసెలు వరసగా పేర్చారు. ఇల్లంతా బెల్లం పాకం, నెయ్యి వాసన.

పసివాణ్ణి గడప పట్టించి నిలబెట్టారు. ఇక అందరూ మొదలుపెట్టారు. తల్లి చేతులు చాచి పిలిచింది. పిన్ని గిలక ఆడించింది. పక్కింటావిడ తాళంచెవుల గుత్తి గలగలలాడించింది. అందరికన్నా గౌరీపతి గొంతు పైన వినిపించింది. ఇటు చూడు నాన్నా, కుడికాలు ముందు, కుడికాలు, అటు కాదు ఇటు అంటున్నాడు. పంచె అంచు ఎప్పుడు వదిలేశాడో ఆయనకే తెలీదు.

"ఏ కాలు ముందో కూడా వాడికి మీరే చెప్పాలా?" అంది సీతారత్నం. "ఇది గ్రౌండు కాదండీ, పేరంటం."

అందరూ నవ్వారు. పిల్లవాడు తల్లి వైపు చూశాడు, గిలక వైపు చూశాడు, తాళాల వైపు చూశాడు, గౌరీపతి నోటి వైపు చూశాడు. ఎటు వెళితే ఎవరికి కోపం వస్తుందోనన్నట్టు కాసేపు నిలబడి, ఉన్నచోటే కూలబడి రాగం అందుకున్నాడు. మళ్లీ నిలబెట్టారు. మళ్లీ పిలుపులు, మళ్లీ కూలబడడం. వర్జ్యం దగ్గర పడుతోందని ఎవరో అన్నారు.

గౌరీపతి ఇక పట్టలేకపోయాడు. లేచి వెళ్లి వాడి చంకల కింద చేతులేసి ఎత్తి, పాదాలు ఒక్కో అరిసె మీద ఆనేలా ఆ చివరి వరకు చకచకా నడిపించి తల్లి ఒళ్లో కూర్చోబెట్టాడు. అంతా రెప్పపాటులో అయిపోయింది. హమ్మయ్య, వేళ లోపే అయిందని ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. గౌరీపతి చేతికంటిన నెయ్యి తుడుచుకుంటూ, గోలు కొట్టినవాడిలా వచ్చి కూర్చున్నాడు.

తాయారమ్మగారు తొందరపడకుండా కోడలిని పిలిచారు.

"వనజా, ఆ అరిసెలన్నీ తీసి వేరే పళ్లెంలో పెట్టమ్మా. అవి గౌరీపతి అడుగులు. కాఫీతో ఆయనకే పెడదాం."

ఈసారి నవ్వబోయినవాళ్లు కూడా ఆవిడ మొహం చూసి ఆగిపోయారు. వాడి పాదాలే కదమ్మగారూ ఆనాయి అన్నాడు గౌరీపతి, మెల్లగా. పాదాలు వాడివేనని ఆవిడ ఒప్పుకున్నారు.

మళ్లీ కొత్త అరిసెలు పేర్చారు. ఆవిడ అందరినీ కూర్చోమన్నారు. ఎవరూ పిలవొద్దు, ఎవరూ చేతులు చాచొద్దు, తల్లి కూడా. వర్జ్యం మాటేమిటని పక్కింటావిడ గొణిగింది. ఈ వేళ కాకపోతే ఇంకో మంచిరోజు చూసుకుందాం, మా అత్తగారి నాటి నుంచీ ఈ ఇంట్లో పిల్లలు తమంతట తాము వేసిన అడుగులే అడుగులు, కావాలంటే అరిసెలు మళ్లీ వండుకుంటాం అన్నారు తాయారమ్మగారు. గౌరీపతిని మళ్లీ పంచె అంచు దగ్గర కూర్చోబెట్టారు.

ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పెరట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినబడింది. పిల్లవాడు గడప పట్టుకుని నిలబడ్డాడు. అలవాటు కొద్దీ అందరి మొహాలూ చూశాడు. ఏ మొహమూ ఏమీ చెప్పలేదు. అప్పుడు తల వంచి తన పాదం వైపు చూసుకున్నాడు. ఇందాకటి నుంచీ వాడు తన పాదాన్ని ఒక్కసారైనా చూసుకోలేదన్న సంగతి గౌరీపతికి అప్పుడే తట్టింది.

గడప వదిలాడు. మొదటి అరిసె మీద కాలు పెట్టాడు. ఎడంకాలు. గౌరీపతి నోరు తెరిచి మూసుకున్నాడు. పాదం కింద మెత్తగా ఏదో నలగడం వాడికి వింతగా ఉన్నట్టుంది, కాసేపు అక్కడే ఊగాడు. రెండో అడుగు వేస్తూ వెనక్కి పడ్డాడు. వనజ ఉలిక్కిపడింది గాని కదల్లేదు. గౌరీపతి చేతులు వాటంతట అవే ముందుకు లేచాయి. పంచె అంచు లాగినట్టయి సగంలో ఆగి, మళ్లీ బిగించి పట్టుకున్నాడు. జోగినాయుడు ఆడించిన ఆటలన్నిటిలోనూ తాను ఇంతసేపు నోరు మూసుకుని కూర్చున్న ఆట ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు. కనబడలేదు. ఒక ఆదివారం జోగినాయుడు, కుడివైపు పరుగెత్తే కుర్రాణ్ణి ఈ వేళ వెనకాల ఆడిద్దామండి, నెల్లాళ్లుగా అలాగే సాధన చేయించాను అంటే, ఉప్మా తింటూనే ఆ కుర్రాణ్ణి మళ్లీ ముందుకు తోసింది తానే. మీ ఇష్టం సార్ అన్నాడతను. అప్పుడు కూడా అతని మొహం వైపు తాను చూడలేదు.

పడ్డవాడు ఏడవాలా వద్దా అని అందరి వంకా చూశాడు. ఎవరూ అయ్యో అనకపోయేసరికి ఆ సంగతి మరిచిపోయి, చేతులు నేలకానించి, ముందు పిరుదులు పైకెత్తి, తర్వాత తల ఎత్తి లేచాడు. ఒక అరిసె, ఇంకొక అరిసె. ఆ తర్వాతి అరిసె దగ్గర ఆగి, దాని వంక తీరిగ్గా చూసి, అక్కడే కూర్చుని అంచు విరిచి నోట్లో పెట్టుకున్నాడు. తల్లి ఇంకా అంత దూరంలో ఉంది. వాడికి ఆ ధ్యాసే లేదు.

అందరూ నవ్వు ఆపుకోలేకపోయారు. చివరిదాకా రాలేదే పాపం అంది పక్కింటావిడ. తాయారమ్మగారు వెళ్లి వాడి తల మీద అక్షింతలు వేశారు.

"ఈ వేళకి వీడి నడక ఇంత. ఇప్పుడు తెలిసింది."

వాడు తొక్కిన ఆ కాసిని అరిసెలే తుంచి ముక్కలుగా అందరికీ పంచారు. పేరంటాళ్లు వెళ్లిపోయారు. గౌరీపతి ముందుకి కాఫీ వచ్చింది, పక్కన ఆయన అడుగుల పళ్లెం కూడా వచ్చింది. ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కాఫీ తాగాక, అయితే జోగినాయుడికి ఇంకా గడువు ఇవ్వమంటారా అని అడిగాడు.

ఆవిడ మనవడి చేతి జిగురు తన చీర చెంగుతో తుడుస్తున్నారు.

"ఇంకా అంటున్నావు నాయనా. ఇదివరకు ఇచ్చిందెప్పుడు?"

గౌరీపతి తల వంచుకున్నాడు. పిల్లవాడి సంగతి వేరు, ఇవాళ కాకపోతే రేపు నడుస్తాడు, జట్టుకి రేపు లేదు కదమ్మగారూ అన్నాడు. అంతా అతని చేతికే వదిలేశాక కూడా ఓడిపోతే, రెండో డివిజన్‌కి పడిపోతే, తండ్రికి ఏం చెప్పుకోవాలి?

తాయారమ్మగారు ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేదు. పిల్లవాడి రెండో చెయ్యి కూడా తుడిచాక అన్నారు.

"అప్పుడు ఓడింది ఎవరో తెలుస్తుంది."

ఆ సాయంత్రం కమిటీలో గౌరీపతి, జోగినాయుడు సీజను ఆఖరి దాకా ఉంటాడని చెప్పాడు. గెలుస్తాడని హామీ ఇస్తారా అని అడిగారు. హామీ ఏమీ లేదన్నాడు. పడిపోతే ఆ నింద మీదేనన్నారు. నాదేనన్నాడు. సరే, రేప్పొద్దున యథాప్రకారం మీ వరండాలో కలుద్దాం అని వాళ్లు లేచారు.

మర్నాడు తెల్లవారకముందే గౌరీపతి ఇంట్లో అందరినీ నిద్ర లేపి స్నానాలు చేసి బయల్దేరమన్నాడు. మ్యాచ్ ఉన్నరోజున ఈ ప్రయాణమేమిటని సీతారత్నం అడిగితే, ఊళ్లో ఉంటే నేను ఊరుకోలేనే అన్నాడు. ఆవిడ వీధి తలుపు తాళం వేసింది. కాసేపటికి కమిటీవాళ్లు వచ్చి, తాళం లాగి చూసి, ఎదురింటివాళ్లని అడిగి, విసుక్కుంటూ వెళ్లిపోయారట. చివరికి జోగినాయుడు వచ్చాడు. సైకిలు దిగి ఆ తాళం వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఎవరినీ ఏమీ అడక్కుండా సైకిలెక్కి గ్రౌండు వైపు వెళ్లాడు. ఆ వేళకి గౌరీపతి ఇంటిల్లిపాదితో సింహాచలం మెట్లెక్కుతున్నాడు.